ఇంకో మిషను ఉందట

ఖాజా మొహిద్దీన్ వడ్రంగి కార్ఖానాలో బ్యాండ్‌సా మిషను ఆగిపోయేనాటికి మూడు గుమ్మాల ఆర్చీలు సగం కోసి ఉన్నాయి. విజయవాడ వన్‌టౌన్‌లో వంపు కోత ఏది కావాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆ మిషను తెల్లదొరల కాలంలో ఇంగ్లండు నుంచి వచ్చింది. మనిషిని మించిన పోత ఇనుప స్తంభం, పైనొక చక్రం, కిందొక చక్రం, రెంటి చుట్టూ తిరిగే రంపపు పట్టీ. పై చక్రాన్ని మోసే బ్రాకెట్టు టప్పున విరిగింది. అదివరకు వెల్డింగు చేయించిన చోటే మళ్లీ పగిలింది.

ఆటోనగర్‌లో వెల్డింగు షాపతను ముక్కల్ని తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. "పోత ఇనుమండీ ఇది. మళ్లీ అతికిస్తే చక్రం ఊడొచ్చి మీ నెత్తిన పడుద్ది."

పాత ఇనుము కొనేవాళ్లు మిషను మొత్తాన్ని తూకానికి అడిగారు. భార్య మెహబూబ్ బీ కొత్తది కొనుక్కోమంది. ఖాజా వెళ్లి కొత్తవి చూసొచ్చాడు. లావు దుంగ పెడితే ఒళ్లంతా వణికాయి. ఆయనకు మనసొప్పలేదు.

అది రెండువేల నాలుగు. డిగ్రీ చదువుతున్న కూతురు ఆస్రా తండ్రిని ఇంటర్నెట్ సెంటరుకు తీసుకెళ్లింది. మిషను మీద అరిగిపోయిన పేరును అక్షరం అక్షరం కూడబలుక్కుని వెతికింది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. కానీ ఇలాంటి పాత మిషన్లంటే ప్రాణం పెట్టేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారనీ, ఒకరి కష్టం ఒకరు చెప్పుకుంటారనీ తెలిసింది. ఆస్రా తమ కష్టం రాసింది. కొన్నాళ్లకు స్కాట్లండు నుంచి ఒక పెద్దాయన జవాబిచ్చాడు, తన మిషను ఫొటోతో సహా. ఆ బ్రాకెట్టు ఇప్పుడెక్కడా అమ్మకానికి లేదట. అదే రకం మిషను ఇంకోటి దగ్గరలో ఉందేమో వెతికి, దాన్ని చూసి పోత పోయించుకొమ్మన్నాడు.

"దగ్గరలోనా?" అని నవ్వాడు ఖాజా. అయినా ఫొటోను ప్రింటు తీయించి కార్ఖానా గోడకు అంటించాడు. వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

కలప లారీ నడిపే సొలొమోను ఒకరోజు దాని ముందు ఆగాడు. "ఇట్టాంటిది నేను చూశానండీ. చల్లపల్లి అవతల, కాలవ గట్టున పాత పడవల షెడ్డుంది. అందులో. కోళ్లు దాని మీదే పడుకునేయి."

ఖాజా మర్నాడే బస్సెక్కాడు.

షెడ్డు రామతులసి అనే ఆవిడది. పడవలు కట్టిన తండ్రి పోయాక ఆవిడ అరటి తోట చూసుకుంటోంది. ఖాజా ఫొటో చూపిస్తుండగానే ముఖం ముడుచుకుంది.

"అమ్మేది లేదండీ."

"కొనడానికి రాలేదమ్మా. ఆ పై బ్రాకెట్టు వారం రోజులు ఇస్తే చాలు. దాన్ని చూసి ఇంకోటి చేయించుకుని తిరిగిచ్చేస్తా."

"దీని మోటారు కూడా ఒకాయన వారమనే పట్టుకెళ్లాడు సాయిబు గారూ. ఆయన వారం ఇంకా అవలేదు."

ఆవిడ మాటలో తప్పు లేదు. "పోనీ, ఓసారి చూసుకోనిస్తారా?" అని మాత్రం అడిగాడు ఖాజా. ఆవిడ తలూపాక లోపలికెళ్లి కోడి రెట్టలు గీకాడు. తుప్పు పట్టిన బోల్టుల్లో కిరసనాయిలు పోసి నాననిచ్చాడు. పై చక్రాన్ని చేత్తో తోస్తే మొదట కిర్రుమంది, తర్వాత చప్పుడు లేకుండా తిరగసాగింది. రామతులసి గుమ్మంలోంచి లోపలికి వచ్చి నిలబడింది.

"ఇది మళ్లీ పనిచేస్తదా అండీ?"

"మోటారు పెడితే శుభ్రంగా చేస్తదమ్మా. నాదే ఆగిపోయింది, మీది బాగుంది."

ఆవిడ కూడా చక్రాన్ని ఓసారి తోసి చూసింది. "ముక్క ఇవ్వను గానీ, దాంతో నేనే వస్తా. నా ఎదరే చేయించుకోండి."

అన్నట్టే, బ్రాకెట్టును గోతం సంచిలో చుట్టుకుని బస్సు దిగింది. ఖాజా దాని కొలతలు తీసుకుని ఇసుకలో అచ్చు తీయడానికి టేకుతో నమూనా చెక్కాడు. కరిగిన ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి అన్నివైపులా కాస్త ఎక్కువుంచాడు. ఆవిడ స్టూలు మీద కూర్చుని, మెహబూబ్ బీ ఇచ్చిన టీ తాగుతూ, చూపు తిప్పకుండా చూసింది. తర్వాత మళ్లీ వచ్చింది, పోత పోసే రోజున. అప్పుడూ సంచి ఆవిడ చేతిలోనే ఉంది.

ఫౌండ్రీ నడిపే శౌరయ్య ఇసుక అచ్చు పగలగొట్టి ముక్కను బయటికి తీశాడు. చూడ్డానికి బాగానే ఉంది. సుత్తితో తడితే మాత్రం మొద్దు చప్పుడు వచ్చింది. లోపల బోలు.

"గాలి చిక్కుకుందండీ. అచ్చు మార్చి మళ్లీ పొయ్యాలి. అసలు ముక్క కూడా నా దగ్గరుంటే బాగుండు," అన్నాడు శౌరయ్య.

ఖాజా బోలు ముక్కను పక్కకు నెట్టి ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు. ఆవిడను ఇంకోసారి రమ్మనడానికి మొహమాటపడ్డాడు. చల్లపల్లి బస్సు వేళవుతోంది. రామతులసి లేచి, గోతం సంచిని తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

"ఉండనీయండి. పనయ్యాక తెచ్చిద్దురు గానీ."

"మీ మోటారు సంగతి..."

"ఆయన వేరు, మీరు వేరండీ," అని బస్టాండుకు బయల్దేరింది.

రెండో పోత గంటలా మోగింది. లేత్ మీద రంధ్రాలకు మరలు కోయించి, బోల్టులు బిగించి, ఖాజా పట్టీ ఎక్కించాడు. స్విచ్ నొక్కితే చక్రాలు వణుకు లేకుండా తిరిగాయి. ఆర్చీలు పూర్తయ్యాయి. ఆస్రా కొత్త బ్రాకెట్టు కొలతలన్నీ బొమ్మ గీసి స్కాట్లండుకు పంపింది, ఇంకెవరికైనా పనికొస్తాయని.

ఖాజా ఆ ఆదివారమే చల్లపల్లి వెళ్లాడు. సొలొమోను లారీలో బ్రాకెట్టుతో పాటు, వైండింగు మార్పించిన పాత మోటారు ఒకటి కూడా ఉంది. రామతులసి మోటారును చూసి, లోపలికెళ్లి చీపురు తెచ్చి షెడ్డు ఊడవడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి బిగింపు అయింది. ఖాజా ఒక తుమ్మ పలక మీద పెన్సిలుతో వంపు గీసి రంపానికి ఆనించాడు. కోత మొదట్లో గీత దాటి పక్కకు లాగింది. చక్రం కాస్త వంచి సరిచేశాక దారికొచ్చింది. పొట్టు ఆవిడ కాళ్ల మీద రాలింది.

"సాయిబు గారూ, నాగాయలంకలో చేపలోళ్లు చిన్న పడవలు కట్టేవాళ్ల కోసం తిరుగుతున్నారండీ. పడవ పక్కటెముకలు దీని మీద కోయొచ్చా?"

"ఎందుకు కోయకూడదమ్మా? పనితనం తెలిసిన మనిషి ఉండాలి గానీ."

"మా నాన్న దగ్గర చేసినాయన కోడూరులో ఉన్నాడు. రేపెళ్లి అడిగొస్తా," అని రామతులసి ఇంకో పలక తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఈసారి నేను తోస్తా. వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పండి."