కొయ్యముఖం నిద్రపోలేదు

హోటల్ అతిథి నోట్లో రొయ్య ఇంకా నలుగుతూనే ఉంది. ఆ జిడ్డు చెయ్యే సీత నడుం చుట్టూ వేసి ఫోటోకి ఇకిలించాడు. సీత వేషం కట్టింది రింది. తెర పక్కన పూలబుట్టతో నిలబడ్డ తల్లి అది చూసింది. ఊళ్లో ఆమెను మెన్ రింది అంటారు, రింది వాళ్లమ్మ అని.

బాలిలో ఆ ఊరివాళ్లు గుడి ముంగిట మూడు రోజులు ఆడే రామకథ అది. హోటల్ కాంట్రాక్టరు సుతేజ దాన్ని ఇరవై నిమిషాలకు నరికాడు. యుద్ధం పోయింది, సీతతో ఫోటోలు వచ్చాయి. వాయిద్యాన్ని కాలితో దాటడమే తప్పని పెరిగిన వాళ్లు, తాము వాయించే కంచుపలకల మీద అతిథులు పెట్టిన ఎంగిలి బీరు సీసాలు తామే తీసి తుడుచుకుంటున్నారు.

మర్నాడు పొద్దున్నే ఊరి మండపంలో అందరినీ సమావేశానికి పిలిచే కొయ్యడప్పు మోగింది.

"ఇంక ఆడేది లేదు," అన్నాడు డోలు వాయించే రావిత్.

"సుతేజ పక్క ఊరోళ్లనీ వాళ్ల పలకల్నీ తెచ్చి మనవాటితో కలిపేస్తాడురా!" అన్నారెవరో.

"తేనీ. మన కంచు జతలుగా శ్రుతి చేసింది, మనూరి జోడీకే పలుకుద్ది. పరాయి పలక పక్కన పెడితే కుక్క ఏడ్చినట్టుంటది."

"పోలీసులొస్తే?" అడిగింది మెన్ రింది. "నాకున్నది ఒక్క పిల్లయ్యా. జుట్టు పట్టి ఈడ్చుకుపోతే?"

"ఇప్పుడు నడుం పట్టుకునేది ఎవరే, దేవుళ్లా?" అంది హోటల్ వంటింట్లో పనిచేసే సుకెర్తి.

లెగోద్ తాత లేచాడు. కథలో సేవకుడి వేషం ఆయనది. "ఆడదాం. ఆటలో రాజులు మాట్లాడే పాత భాష ఎవడికీ తెలీదు. మన మాటలో విప్పి చెప్పేది సేవకుడే. ఆ సేవకుడి కొయ్యముఖం పెట్టుకున్నోడు ఏమన్నా రాజు పడాల్సిందే. వంటోళ్లూ తోటోళ్లూ వింటార్లే."

ఆ సాయంత్రం హోటల్ వేదిక మీద రావణుడు పాత భాషలో గర్జించాడు. తాత గంతేసి ముందుకొచ్చాడు.

"ఏమన్నాడంటే, మీ పొలంలో నా హోటలు లేచింది, మీ కాలవ నా ఈతకొలనులో పడింది, ఇంక మీ పిల్లని కూడా ఇచ్చెయ్యండి అన్నాడు!"

వంటవాళ్లు పకపకా నవ్వి, చప్పున ఆగిపోయారు.

"నేనేమన్నానంటే..."

సుతేజ సైగ చేశాడు. గేటు దగ్గరున్న ఇద్దరు పోలీసులు వచ్చి తాత రెక్కలు వెనక్కి విరిచి ఈడ్చుకుపోయారు. కొయ్యముఖం నేల మీద పడింది.

"ఏం లేదు, ఏం లేదు! ఫోటోలు కానివ్వండి!" అన్నాడు సుతేజ.

అతిథుల్లో ఒకడు మూతి తుడుచుకుంటూ లేచి రింది నడుం మీద చెయ్యి వేశాడు.

ఆట మొదలయ్యే ముందు ఆ కొయ్యముఖాన్ని పూలూ ధూపమూ పెట్టి మేల్కొలిపింది మెన్ రిందే. ఆట ముగిసి మంత్రించిన నీళ్లు చల్లి నిద్రపుచ్చేదాకా అది మెలకువగానే ఉంటుంది. నేల మీద పడి ఉండకూడదు. ముందు ఆ ఒక్కటే తోచి వెళ్లి ఎత్తింది. లోపల తాత చెమట ఇంకా తడిగా ఉంది. జైలు, లాఠీ, ఒంటరిగా మిగిలే రింది, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. అయినా దాన్ని ముఖానికి తగిలించుకుంది.

"నేనేమన్నానంటే, చెయ్యి తియ్యరా!"

రావిత్ డోలు మీద దెబ్బ పడింది. కంచంతా ఒక్కసారి మోగింది. సుకెర్తి నడుముకున్న గుడ్డ విప్పి పళ్లేల మీద విసిరికొట్టి వేదిక ఎక్కింది. వెనకే వంటిల్లంతా, తోటంతా ఎక్కింది.

పోలీసు తిరిగొచ్చాడు. "ఎవర్తివే నువ్వు? ముఖం తియ్యి!"

మెన్ రింది తియ్యలేదు. ఆమె వెనక అరవై గొంతులు ఒక్కపెట్టున లేచాయి.

"నేనేమన్నానంటే..."