ఎంగిలి నాడె

నన్ను నాడె అంటారు. మర మగ్గం మీద పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తి పేక దారం పరిచే చెక్క ముక్కను. పడవలాంటి ఒళ్లు, రెండు కొసలకూ ఇనుప ముక్కులు, కడుపులో దారం చుట్టిన కండె, పక్కన దారం బయటికి వచ్చే చిల్లు, పింగాణీ కన్ను. తునికి చెక్కను చెక్కి, నూనె పట్టించి, నన్ను తయారుచేసినవాడు నా నునుపు చూసి మురిసిపోయాడు. ఆ మురిపెం నాకూ అంటింది. గుడ్డ నేసేది నేనే అనుకుంటూ తెలంగాణలో ఒక జిల్లా పట్నపు మిల్లులో చేరాను. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నా కంటి సంగతి చెప్పాలి. కండె అయిపోయినప్పుడల్లా నేసేవాడు మగ్గం ఆపి కొత్త కండె పెడతాడు. దారపు కొసను లోపలి నుంచి నా కంటి దగ్గరకు తెచ్చి, బయట నోరు ఆనించి గట్టిగా పీలుస్తాడు. పోగు చటుక్కున నోట్లోకి వస్తుంది. రోజంతా ఇదే పని.

"ఇంట్ల పెండ్లానికి గూడ ఇన్ని ముద్దులియ్యలే" అని నవ్వుకునేవారు.

మా మగ్గం మీద పొద్దుటి షిఫ్టు వేముల శంకరలింగానిది. పద్మశాలి, పుట్టు నేతగాడు. అందరికీ లింగన్న. మధ్యాహ్నం మిల్లు కూత పడగానే బాలనర్సు వచ్చి మగ్గం అందుకునేవాడు. అతన్ని కూలీలను పనిలో పెట్టే జాబరు తెచ్చి పెట్టాడు. కులం ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు. అతను మాల. మగ్గాలు నడిచే విభాగంలో, అంటే నేత ఖాతాలో, మాల మాదిగలను పెట్టుకునేవారు కాదు. ఆ మాట ఎక్కడా రాసి లేదు, కారణం మాత్రం నేనే. ఒకరు నోరు పెట్టిన నాడెకు ఇంకొకరు నోరు పెట్టాలి కదా! నా చిన్న కంటి వల్ల ఎందరికో ఆ ఖాతా తలుపు మూసుకుంది.

షిఫ్టు మారేటప్పుడు ఇద్దరూ కాసేపు మాట్లాడుకునేవారు. ఒకరి పొగాకు ఒకరు పంచుకునేవారు. లింగం అంతగా మాట్లాడేది అతనితోనే.

తర్వాత లింగానికి దగ్గు పట్టుకుంది. ఆ దగ్గులో నెత్తురు పడుతోందని ఇంట్లోవాళ్లకన్నా ముందు నాకు తెలిసింది. క్షయ అని తెలిస్తే మిల్లు వాకిట్లోకి కూడా రానివ్వరు. లింగం రుమాలుతో మూతి తుడుచుకుని మళ్లీ నాకు నోరు ఆనించేవాడు. ఒక మధ్యాహ్నం బాలనర్సు నన్ను అందుకుని, కంటి అంచున ఎర్రటి చార చూశాడు. కండువా కొసతో తుడిచి, నోరు పెట్టి, పోగు లాగాడు. మర్నాడు షిఫ్టు మారేటప్పుడు నెమ్మదిగా అన్నాడు:

"అన్నా, జర పాన్ తినుడు తగ్గియ్యి. నాడెకు ఎర్రగ అంటుతున్నది."

లింగానికి పాన్ అలవాటే లేదు. ఆ సంగతి బాలనర్సుకూ తెలుసు.

కొన్నాళ్లకు బాలనర్సు తల్లి కొడుకును చూద్దామని మిల్లు గేటు దగ్గరకు వచ్చింది. గేటు కాడి మనిషిది ఆమె పక్క ఊరు. గుర్తుపట్టాడు. మాట ఖాతాలోకి పాకింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అందరూ లింగం చుట్టూ మూగారు.

"ఏం లింగన్నా, ఇన్నొద్దులు వాని ఎంగిలి తిన్నవా?"

లింగం ముఖం కందిపోయింది. అప్పుడే షిఫ్టుకు వచ్చిన బాలనర్సు ఎదుట అతను నన్ను ఎత్తి పట్టుకుని అరిచాడు:

"నా నోట్లె నీ ఎంగిలి పెట్టినవ్‌రా! కులం దాచి నా నోరు ఖరాబ్ జేసినవ్!"

ఆ పొద్దుటి నెత్తురు నా కంటి మీద ఇంకా ఆరలేదు. అరుస్తూనే లింగం దాన్ని బొటనవేలితో మూసేశాడు. బాలనర్సు ఆ వేలి వంక చూశాడు. అతను ఒక్క మాట అంటే చాలు, లింగం పని అక్కడితో సరి. నేను ఆ మాట కోసం చూశాను. అది రాలేదు.

"కడుక్కో అన్నా" అన్నాడు. "మంచిగ కడుక్కో. నాడెను సుత వేన్నీళ్లల్ల కడుగు."

లింగం బొటనవేలు నా కంటి మీద నుంచి తీయలేదు.

బాలనర్సును దూది దులిపే ఖాతాకు మార్చారు. లింగం మాత్రం ఆ తర్వాత నాకు నోరు పెట్టలేకపోయాడు. కొత్త నాడె తీసుకుని నన్ను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో ఎవరికీ చెప్పలేదు. కొద్ది నెలలకే అందరి ముందూ నేసిన గుడ్డ మీద నెత్తురు కక్కాడు. మిల్లు అతన్ని పంపేసింది.

ఒక సాయంత్రం ఆ సంచీతోనే లింగం మాలవాడకు నడిచాడు. బాలనర్సు వాకిట్లో నులక మంచం మీద ఉన్నాడు. అతని భార్య సాయమ్మ బియ్యం చెరుగుతోంది. లింగం నన్ను తీసి అరుగు మీద పెట్టాడు. చెప్పాలని వచ్చిన మాట వదిలేసి, చివరికి సాయమ్మతో అన్నాడు:

"చెల్లే, దూపైతున్నది. నీళ్లియ్యి. మీ చెంబుతోనే తాగుత."

పెద్ద దానమేదో చేస్తున్నట్టు అన్నాడు పాపం. సాయమ్మ చెంబు తెచ్చింది కానీ చేతికివ్వలేదు.

"చెంబుకు నోరు పెట్టకుండ్రి అన్నా. పిల్లలు తాగుతరు. దోసిలి పట్టుండ్రి."

లింగం బిత్తరపోయి బాలనర్సు వైపు చూశాడు.

"ఏమనుకోకన్నా" అన్నాడు బాలనర్సు. "దవాఖానోళ్లు చెప్పిన్రు. నేను సుత గట్లనే తాగుతున్న."

తన రోగమే అతనికీ అంటిందని లింగానికి అప్పుడు అర్థమైంది. "నీకు ఎప్పటిసంది?" అని అడిగాడు. బాలనర్సు అరుగు మీదున్న నా వైపు చూశాడు.

లింగం నడుము వంచి దోసిలి పట్టాడు. తన వాకిట్లో ఎందరికో అలా పైనుంచి నీళ్లు పోయించినవాడు. సాయమ్మ పోసింది. నీళ్లు మోచేతుల మీదుగా కారిపోయాయి, తాగింది తక్కువ. తలెత్తలేక అలాగే వంగి ఉండిపోయాడు.

"కూసో అన్నా" అని బాలనర్సు మంచం మీద కొంచెం జరిగాడు.

లింగం ఆ ఏడు దాటలేదు. బాలనర్సుకు సర్కారు దవాఖానలో సూదులు అందాయి. బతికాడు. లింగం వదిలివెళ్లిన నన్ను సాయమ్మ సలసల కాగే నీళ్లలో ఉడికించి చూరులో దోపింది. చెక్క ఉబ్బింది, కన్ను పగిలింది. ఇంక ఏ మగ్గానికీ పనికిరాను.

ఒకనాడు వాళ్ల చిన్న బిడ్డ నిచ్చెనెక్కి నన్ను అందుకుంది.

"నాయినా, ఇదేంది?"

బాలనర్సు నన్ను ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.

"నాడె బిడ్డా. నోట్లె పెట్టుకోకు."