ఊపిరి బిగబట్టిన గోడ

ఈ ఉదయం నుంచి మా వంటింటి గోడ ఊపిరి బిగబట్టి ఉంది. మేకుకు వేలాడే క్యాలెండర్ కదలకపోవడం చూసి కనిపెడతాను. ఇన్నేళ్లూ అది గోడతో పాటు మెల్లగా లేస్తూ, దిగుతూ ఉండేది.

కారణం నాకు తెలుసు. వరలక్ష్మీ వ్రతం పేరంటానికి వచ్చేవాళ్లు పొయ్యి వెనక గోడకు పట్టిన మసి చూస్తారని మా అత్తయ్య కనకరత్నం గారికి సిగ్గు. అందుకే నిన్న పాత సున్నపు గోడకు, తడిగుడ్డతో తుడుచుకోవడానికి వీలైన మెరుపు రంగు వేయించారు.

ఆ గోడ గొప్పది. తిరగమోత పొగ, మాడిన పాల వాసన, ఫినాయిల్ ఘాటు, అన్నిటినీ ముప్పై ఏళ్లుగా కిక్కురుమనకుండా మింగి మాకు మంచి గాలి మిగిల్చింది. ఇంత పని చేసే మనిషి మా ఇంట్లో ఇంకెవరూ లేరు. నన్ను కలుపుకునే చెబుతున్నాను.

పప్పులో పోపు వేస్తాను. ఎండుమిరపకాయల ఘాటు గోడలోకి పోదు. గది మధ్య నిలబడి తన చోటేదని చూస్తుంది. దాన్ని భుజంతో పక్కకు నెట్టి గిన్నె దించుతాను.

హాల్లో ఆరేళ్ల మా అమ్మాయి హంస దగ్గుతోంది. దానికి ఆయాసం. పొద్దున లేచినప్పుడు పూర్తి వాక్యాలు మాట్లాడింది. తొమ్మిదింటికి నాలుగు మాటలు మిగిలాయి. ఇప్పుడు "అమ్మా" ఒక్కటే. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ పంపు నోట్లో కొడితే అందులోంచి కూడా పోపు వాసనే వస్తోంది. నాకు భయంగా ఉంది.

దగ్గుకు సాంబ్రాణే మందని అత్తయ్య నమ్మకం. తలంటిన రోజు హంస జుట్టుకు పట్టే ధూపాన్ని ఇవాళ ఇల్లంతా పడతారు. ఆ పొగ ఇల్లంతా తిరిగి, చోటు దొరక్క, పీట వాల్చుకుని కూర్చుంటుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

రంగు వేసిన ఏసోబును పిలిపిస్తాను. అతను చెప్పులు విప్పి, గోడకు చెవి ఆనించి, చాలాసేపు వింటాడు.

"సున్నపు గోడండి, పెద్ద పనిమంతురాలు. దీని నోటికి మనమే గుడ్డ కట్టేశామండమ్మా," అంటాడు. "గీకేస్తే తిన్నదంతా కక్కుద్ది. కక్కితే గానీ మళ్లీ తినలేదండి."

పాప తట్టుకోగలదా అని అడుగుతాను. పాప సంగతి గోడకు తెలుసనీ, తలుపులూ కిటికీలూ తీసి ఉంచితే చాలనీ అంటాడు.

అత్తయ్య అట్లకాడ అందుకుని తను వేయించిన రంగును తనే గీకుతారు. తప్పు ఒప్పుకోవడం ఆవిడకు నోటితో రాదు, చేత్తో వస్తుంది.

గోడ వదులుతుంది. కొత్త వాసనలు ముందు, పాతవి వెనక, వరసగా దిగుతాయి. పెసరట్లు, ఆవనూనె, ఎప్పుడో మాడిన పాలు. హంస మంచం దగ్గరికి రాగానే ఒక్కొక్కటీ మునివేళ్ల మీద నడిచి హాలు కిటికీ దాటుతుంది. గోడ వాటికి మర్యాద కూడా నేర్పింది.

అన్నిటికన్నా చివర చుట్ట పొగ దిగుతుంది. పదకొండేళ్ల కిందట పోయిన మామయ్యగారిది. అది కిటికీ వైపు వెళ్లదు. అలవాటైన చోట, బియ్యం డబ్బా పక్కన నిలబడుతుంది. అత్తయ్య అట్లకాడ కింద పెట్టేస్తారు. ఆవిడ ముఖం అలా విచ్చుకోవడం నేను మొదటిసారి చూస్తున్నాను.

హంస దగ్గుతుంది.

అత్తయ్య కొంగు సర్దుకుంటారు. "మీరూ బయటికి నడవండి. పిల్లకి పడదు," అంటారు.

పొగ నడుస్తుంది. గుమ్మం దగ్గర తల వంచుతుంది. మామయ్యగారు అంత పొడుగు.

గోడ గుండెల నిండా గాలి పీలుస్తుంది. క్యాలెండర్ లేస్తుంది. హంస లేచి కూర్చుని, తనకు ఆకలేస్తోందనీ, పప్పన్నంలో నెయ్యి ఎక్కువ వెయ్యమనీ ఒక్క ఊపిరిలో చెబుతుంది. నాకు ఏడుపొస్తుంది.

చుట్ట పొగ వీధి అరుగు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. అత్తయ్య కాఫీ కలిపి వంటింటి కిటికీలోంచి గ్లాసు చాపుతారు. చెయ్యి అందదు. గోడ ఊపిరి వదిలినప్పుడల్లా కిటికీని జానెడు చొప్పున అరుగు వైపు జరుపుతుంది. మూడో ఊపిరికి అందుతుంది.

గ్లాసు ఖాళీగా తిరిగి వస్తుంది. పంచదార తక్కువైందట. అత్తయ్య డబ్బా కోసం లోపలికి తిరుగుతారు. ఆవిడ వచ్చేదాకా కిటికీ వెనక్కి జారకుండా, గోడ మళ్లీ ఊపిరి బిగబట్టుకుంటుంది.