నాలుగు నిమిషాల్లో తేలిన బొమ్మ

నేను ఒక గ్రాఫిక్స్ కార్డును. జానెడు పొడవు, ఒంటిమీద రెండు ఫ్యాన్లు. తెర మీద యుద్ధాలు గీయడానికి నన్ను చేశారు. హనుమకొండలోని ఒక గేమింగ్ సెంటరులో మూడేళ్లు ఆ పనే చేశాను. మనుషులు అంత శ్రద్ధగా చచ్చిపోయి, మరుక్షణం లేచి సమోసాలు తినడం అక్కడే చూశాను. సెంటరు మూతపడ్డాక రెహానా నన్ను కొనుక్కుంది.

ఆమె ఒక ఆసుపత్రి స్కానింగ్ విభాగంలో రేడియేషన్ మోతాదులు చూసే ఫిజిసిస్టు. పేగుల జబ్బున్న ఆరేళ్ల మైథిలికి అప్పటికే మూడు సీటీ స్కాన్లయ్యాయి. "మేడం, ఇన్నిసార్లు తీస్తే నా బిడ్డకేం గాదా?" అని తల్లి సమ్మక్క అడిగిన మాట రెహానాను వెంటాడింది.

స్కానులో ఒంట్లోకి పంపే ఎక్స్‌రే రేడియేషన్ తగ్గించవచ్చు. కానీ అప్పుడు ఒంటిగుండా వచ్చే నీడలు మసకబారతాయి. కంప్యూటరు ముందొక బొమ్మ ఊహించుకుని, దాని నీడలెలా పడతాయో లెక్కగట్టి, అసలు నీడలతో పోల్చి దిద్దుకోవాలి. మళ్లీ, మళ్లీ. పాత కంప్యూటరుకు రెండు గంటలు పట్టేది.

"ప్రాణం మీదికొచ్చినప్పుడు అంతసేపు ఎట్ల ఆగుతమమ్మా?" అన్నారు మైథిలికి వైద్యం చేసే డాక్టర్ వేణుమాధవ్.

అందుకే రెహానా ఆ లెక్కలు నాకు అప్పగించింది. నాకు వేల చేతులు. ఒక్కో చేయి ఒక్కో కిరణాన్ని పట్టుకుంటే పని కలలా సాగింది. అయినా నలభై నిమిషాలు. ఒక మధ్యాహ్నం టీ చల్లారిపోతుంటే రెహానా తనలో తనే అంది: "అన్ని నీడలు చూసినంకనే దిద్దుడెందుకు? కొన్ని చూడంగనే దిద్దుకుంట పోతే?"

అలాగే చేశాం. మంచులోంచి ఊరు తేలినట్టు నాలుగు నిమిషాల్లో బొమ్మ తేలింది. మనిషి ఒంటికి బదులుగా పెట్టే నీటి డబ్బాల మీద, పాత స్కాన్ల మీద నెలల తరబడి సరిచూశాకే ఆసుపత్రి ఒప్పుకుంది.

శ్రావణంలో మైథిలిని జ్వరంతో, బిగుసుకున్న పొట్టతో తెచ్చారు. తక్కువ రేడియేషన్‌తోనే తీశారు. నా ఫ్యాన్లు హోరెత్తాయి. మసక కరిగి పేగులు ఏటి పాయల్లా విడివడ్డాయి. ఒక మలుపు వెనక చిన్న చీముగడ్డ.

"దొరికింది! ఆపరేషన్‌కు సిద్ధం చేయమనండి" అంటూ డాక్టరు లేచారు. ఆపరేషన్ అయిన పదకొండో రోజున మైథిలి తన కాళ్లతో నడిచి ఇంటికెళ్లింది.

ఇప్పుడు నా చోట కొత్త కార్డుంది. నేను రెహానా బల్ల సొరుగులో తేలికగా, కలగంటున్నట్టు పడుకుని ఉంటాను. నిన్న సొరుగు సగం తెరిచే ఉంది. గుమ్మం దగ్గర సమ్మక్క గొంతు వినిపించింది.

"పొద్దుగాల్నే బడికి ఉరుకుతది మేడం, జడ గూడ ఎయ్యనియ్యది!"

రెహానా నవ్వింది. నేను చాలాసేపు ఆ నవ్వునే వింటూ ఉండిపోయాను.