రాజేశ్వరీదేవిని దింపిన చోటు

పొద్దున తొమ్మిదింటికే సుమిత్ర చచ్చిపోవాలి. పదకొండు దాటినా పాడె కట్టడం కాలేదు.

ఇంద్రేశం బయట కొత్తగా ప్లాట్లు చేసిన నేల అది. ఎర్రమట్టి రోడ్లు, తెల్లరంగు వేసిన హద్దురాళ్లు, అక్కడొకటి ఇక్కడొకటి సగం లేచిన ఇళ్లు. రోడ్డు చివర ఊరి శ్మశానం. సీరియల్ వాళ్లు రెండు వ్యాన్లు, ఒక క్రేను, ఒక జనరేటరు తెచ్చి అక్కడ దిగారు. వ్యాను మెట్ల మీద కూర్చున్న సుమిత్ర లేచి నాలుగడుగులు వేసేది, మళ్లీ వచ్చి కూర్చునేది. మళ్లీ లేచేది. కుంకుమ భరిణె పట్టుకుని గుల్జార్ బేగం ఆమె వెనకాలే తిరుగుతోంది. పటాన్‌చెరు మనిషి. తొమ్మిదేళ్లుగా సుమిత్రకు మేకప్ ఆమే.

“జెర ఒక్కతాన నిలబడు అమ్మా. బొట్టు చెవుల వడతది.”

“ఈ పొద్దు అయితదా బేగం?”

“ఇంత జల్దీ ఉన్న పీనుగను నేను ఏడ సూడలే.”

సుమిత్ర నవ్వలేదు. ఎండ వైపు చూసింది.

ఆమె తొందరకు కారణం ఉంది. మర్నాడు తెల్లారి ఆరింటికి పాశమైలారంలో ఒక సినిమా మొదలవుతుంది. మందుల కంపెనీలో పనిచేసే ఒక ఆడమనిషి కథ. ఆ ఆడమనిషి వేషం సుమిత్రది. తీస్తున్న అమ్మాయి పేరు మహిత. ఆమె మొదటి రోజే ఒక మాట చెప్పింది: సీరియల్ పూర్తిగా వదిలి వస్తేనే వేషం, ఇక్కడ సగం అక్కడ సగం కుదరదు. సీరియల్ వాళ్లతో సుమిత్ర సంతకం పెట్టిన కాగితంలో ఇంకో మాట ఉంది: రాజేశ్వరీదేవి పాత్ర బతికి ఉన్నన్నాళ్లూ నెలకు ఇరవై రెండు రోజులు ఆమె షూటింగుకు రావాలి. నాలుగు నెలలు బతిమాలితే చానల్ వాళ్లు సరేనన్నారు. రాజేశ్వరీదేవికి గుండెపోటు రాశారు. పాడె మీద ముఖం చూపించి, చితి అంటిస్తే అయిపోయినట్టు. అది ఈ రోజు అయిపోవాలి.

పంతొమ్మిదేళ్ల వయసులో సుమిత్ర పాశమైలారంలోనే మాత్రల అట్టలు డబ్బాల్లో సర్దే పనికి వెళ్లేది. తండ్రి పెంటయ్య అదే కంపెనీలో బాయిలర్ దగ్గర. ఒకనాడు పక్క షెడ్డులో ఫైటింగు తీయడానికి సినిమా వాళ్లు వచ్చి, భయపడి పరుగెత్తే జనం కావాలన్నారు. షిఫ్టు దిగిన ఆడవాళ్లు ఇరవై మంది వెళ్లారు. పంతొమ్మిది మంది కెమెరా వైపు చూసి నవ్వుతూ పరుగెత్తారు. సుమిత్ర ఒక్కతే వెనక్కి చూడకుండా పరుగెత్తింది. అంతకు ఏడాది కిందటే కంపెనీలో మంట లేచినప్పుడు ఆ కాళ్లు అట్లాగే పరుగెత్తాయి. ఏజెంటు వచ్చి ఆమె పేరు రాసుకున్నాడు.

ఆ తర్వాత పెళ్లి పందిట్లో రెండో వరసలో నిలబడింది. నర్సు అయింది, పనిమనిషి అయింది, హీరో చెల్లెలికి స్నేహితురాలు అయింది. మాట ఉన్న వేషం దొరకడానికి పన్నెండేళ్లు పట్టింది. దొరికాక ఆ మాట ఆమెది కాకుండా పోయింది. ఆమె యాస పనికిరాదని డబ్బింగుకు వేరే మనిషిని పెట్టారు. తొమ్మిదేళ్లు రాజేశ్వరీదేవికి సుమిత్ర పెదవులు కదిపింది. గొంతు ఎవరో ఒకామెది. ఆమెను సుమిత్ర ఒక్కసారీ చూడలేదు. ఊరికి వచ్చి నోరు తెరిస్తే పిల్లలు ఒప్పుకునేవారు కాదు. “టీవీల నువ్వు గిట్ల మాట్లాడవు గదా అత్తా” అనేవారు.

మహిత మాత్రం నీ గొంతే కావాలంది. చిక్కు ఏమిటంటే, చదివి వినిపించమంటే సుమిత్రకు ఆ గొంతు రాలేదు. పదిహేను రోజులుగా అద్దం ముందు నిలబడి తన మాట తానే నేర్చుకుంటోంది. వచ్చినట్టే వచ్చి తప్పిపోతోంది. రాత్రిళ్లు నిద్ర లేదు, పగలు తిండి లేదు.

పన్నెండున్నరకు పాడె తయారైంది. సీరియల్ వాళ్లు తెచ్చిన బొంగులు నిలవలేదు. దానితో మేనేజరు ఊళ్లోకి మనిషిని పంపి, డప్పు కొట్టే ఐలన్నను, ఆయనతో మోసేవాళ్లు నలుగురిని పిలిపించాడు. ఊళ్లో ఎవరు పోయినా వెళ్లేది వాళ్లే. అర్ధగంటలో పచ్చి వెదురుతో గట్టి పాడె కట్టారు.

సొంత ఊరే కనుక సుమిత్ర తల్లి కౌసల్యమ్మ కూడా వచ్చింది. పాడె చూసి ముఖం పక్కకు తిప్పుకుంది.

“నిజం కట్టెలతోటి కట్టిండ్రేందే?”

“షూటింగ్ అవ్వా.”

“షూటింగ్ అయితే అట్టముక్కలతోని కట్టాలె. గీ ఐలన్ననే మీ నాయనకు కట్టిండు. గదే ముడి.”

“గాయినకు ఒక్కటే ముడి ఒస్తది, ఏం జేస్తడు. నువ్వు నీడకు కూసో.”

డైరెక్టరు చంద్రకాంత్ వచ్చాడు. ముప్పై ఐదేళ్లవాడు, ఏలూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. క్రేను మీద నుంచి తీస్తామని, పాడెతో నేరుగా నడిచిపోవాలని, తను కట్ అనగానే ఆగాలని అందరికీ చెప్పాడు. ఐలన్న తల ఊపాడు. సుమిత్ర పాడె మీద పడుకుంది. పైన ఎర్రచీర కప్పారు, పూలు వేశారు. నలుగురూ లేపారు.

డప్పు మొదలైంది. ఐలన్న వెనక ఇంకా ముగ్గురు కొట్టేవాళ్లున్నారు. చావు దెబ్బ వేరు. అది మొదలవగానే పక్క కాలనీలో వంటలు చేసుకుంటున్న ఆడవాళ్లు కూడా గోడల మీదికి వచ్చారు. చంద్రకాంత్ క్రేను పైనుంచి కట్ అన్నాడు. మైకులో అన్నాడు. చేతులు ఊపాడు. డప్పుల మోతలో ఎవరికీ వినిపించలేదు. మోసేవాళ్లకు తల ఎత్తి పైకి చూసే అలవాటు లేదు. ఎప్పుడూ నడిచే దారి, అట్లాగే నడిచారు. సగం దారిలో రోడ్డు మలుపు తిరిగే చోట ఐలన్న చేయి ఎత్తాడు. డప్పులు ఆగాయి. పాడెను కిందికి దింపారు.

అది దింపుడు కళ్లం. ఊళ్లో ఏ శవాన్నైనా శ్మశానానికి పోయే ముందు అక్కడ దింపుతారు. అయినవాళ్లు చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే పలుకుతుందని. ఇన్నేళ్లలో ఎవరూ పలికింది లేదు. అయినా పిలవకుండా ఎవరినీ తీసుకుపోలేదు.

“పిలువుండ్రి” అన్నాడు ఐలన్న.

కొడుకు వేషం వేసిన కుర్రవాడు బెంగళూరు వాడు. అతను అటూ ఇటూ చూశాడు. సీను కాగితంలో అట్లాంటిది ఏదీ రాసి లేదు. మిగిలిన నటులు క్రేను వైపు చూశారు.

“గట్ల నిలవడితె ఎట్ల? పిలువకుంట ఎట్ల కొంటవోతం?” అన్నాడు ఐలన్న. ఆయన గొంతులో షూటింగు లేదు.

జనంలోంచి కౌసల్యమ్మ వచ్చింది. ఎవరూ ఆపలేదు. మట్టిలో కూర్చుని, కూతురి చెవి దగ్గర వంగింది.

“సుమిత్రా.”

పూల కింద సుమిత్ర ఊపిరి బిగబట్టింది. ఇది షాటా కాదా ఆమెకు తెలియలేదు.

“సుమిత్రా.”

రెండోసారికి తల్లి ఇంకా కిందికి వంగింది.

“సుమిత్రా.”

“ఆఁ, ఏందవ్వా” అంది సుమిత్ర. కళ్లు తెరిచి లేచి కూర్చుంది. షిఫ్టుకు ఆలస్యమవుతుందని లేపితే పంతొమ్మిదేళ్ల పిల్ల పలికినట్టు పలికింది. అద్దం ముందు పదిహేను రోజులు వెతికిన గొంతు అదే.

గోడ మీద ఆడవాళ్లు కొందరు నవ్వారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. చంద్రకాంత్ క్రేను దిగి పరుగెత్తుకొచ్చాడు. తిట్టలేదు. మానిటర్ దగ్గరికి వెళ్లి తీసింది రెండుసార్లు చూశాడు. పక్కకు పోయి చానల్‌కు ఫోన్ చేశాడు. తిరిగి వచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది.

“మేడమ్, మీరు బతికారు.”

“అంటే?”

“పాడె మీద నుంచి రాజేశ్వరీదేవి లేచింది. చానల్ వాళ్లకు పిచ్చిగా నచ్చింది. ఈ వారం ప్రోమో ఇదే. ఇంకో రెండేళ్లు మీకు తిరుగులేదండి.”

సుమిత్ర పాడె మీదే కూర్చుని ఉంది. చేతులు గడ్డిని తుంచుతున్నాయి.

“ఈ రోజుతో చంపుతామని ఒప్పుకున్నారు కదండీ.”

“ఒప్పుకున్నాం. కానీ మీరే లేచారు కదా. ఒక్క చిక్కుంది. అమ్మగారి వీపు అడ్డం వచ్చి మీ ముఖం కనిపించలేదు. కొడుకు పిలుస్తాడు, మూడోసారికి మీరు కళ్లు తెరవండి. అంతే. రేపు ఏడింటికి అమీన్‌పూర్ షూటింగు ఇంట్లో హాస్పిటల్ సీను.”

“రేపు ఆరింటికి నేను పాశమైలారంలో ఉండాలి.”

“చానల్ మాటండీ. నా చేతిలో లేదు.”

సుమిత్ర ఐలన్న వైపు తిరిగింది. “కాకా, లేపుండ్రి. శ్మశానం దాక పోదాం.”

“పలికిన మనిషిని మల్ల మొయ్యం బిడ్డా. ఎన్నడు మొయ్యలే.”

“చూశారా, వాళ్లు కూడా ఒప్పుకోవడం లేదు” అన్నాడు చంద్రకాంత్.

కౌసల్యమ్మ చీరకు అంటిన మట్టి దులుపుకుంటోంది. సుమిత్ర ఆమెతో మెల్లగా అంది: “నువ్వు పిలిచినవ్, నేను పలికిన. ఇగ సినిమా పాయెనే అవ్వా.”

కౌసల్యమ్మ కూతురి వైపు చూసింది.

లేచి వెళ్లిపోదామా అనుకుంది సుమిత్ర. నిజంగానే లేచింది. వ్యాను దాకా పోయింది, వెనక్కి వచ్చింది. వెళ్లిపోతే రాజేశ్వరీదేవి బతికి ఉన్నట్టే. ఆసుపత్రిలో ఉందనో, కాశీకి పోయిందనో చెబుతారు. కాగితం అట్లాగే ఉంటుంది. హద్దురాళ్ల వెంట ఒక చుట్టు తిరిగింది. గుల్జార్ బేగం కూడా ఒక చుట్టు తిరిగింది.

“ఏం జేస్తవ్ అమ్మా?”

“బొట్టు సక్కగ వెట్టు” అంది సుమిత్ర.

వచ్చి పాడె మీద పడుకుంది. ఎర్రచీర తనే గుండెల దాకా లాక్కుంది. కళ్లు మూసుకుంది.

చంద్రకాంత్ రోల్ అన్నాడు. కుర్రవాడు వంగి “అమ్మా” అని మూడుసార్లు పిలిచాడు. సుమిత్ర కళ్లు తెరవలేదు.

“మేడమ్, మూడోదానికి తెరవాలి. ఇంకోసారి.”

ఇంకోసారి పిలిచాడు. ఇంకోసారి. నాలుగోసారికి చంద్రకాంత్‌కు అర్థమైంది.

“సుమిత్ర గారూ, ఇది పద్ధతి కాదండీ. రేపటి ఎపిసోడ్ ఈ పూటే పోవాలి.”

పాడె పలకలేదు.

మూడు గంటలు గడిచాయి. ఎండ వాలింది. పూల మీద నుంచి ఒక చీమ మెడ మీదికి వచ్చి, గడ్డం ఎక్కి, పెదవి పక్కన ఆగింది. పొద్దుటి నుంచి ఒక్కచోట నిలవని మనిషి వేలు కూడా కదపలేదు. లోపల మాత్రం ఒక్క క్షణం కుదురు లేదు. ఇప్పుడు లేస్తే నెలకు ఇరవై రెండు రోజులు, పట్టుచీర, ఎవరిదో గొంతు. లేవకపోతే రేపు ఆరింటికి ఏమవుతుందో తెలియదు. చానల్ వాళ్లు ఇంకెప్పుడూ పిలవకపోవచ్చు. సినిమా ఆగిపోవచ్చు. నలభై ఒకటో ఏట మళ్లీ రెండో వరసలో నిలబడాల్సి రావచ్చు. ఇవన్నీ పాడె మీద పడుకునే లెక్కపెట్టుకుంది. కళ్లు తెరవలేదు.

చంద్రకాంత్ కౌసల్యమ్మ దగ్గరికి వెళ్లాడు.

“అమ్మా, మీరు పిలిస్తే లేచింది. ఒక్కసారి పిలవండి. ఈసారి వీపు అడ్డం రాకుండా ఇటు కూర్చోండి. కెమెరా ముఖం మీదే ఉంటుంది.”

కౌసల్యమ్మ వచ్చింది. సుమిత్రకు అడుగుల చప్పుడు తెలుసు. కుర్రవాడు పిలిస్తే వేరు. ఆ గొంతు పిలిస్తే ఈ నోరు తన మాట వినదు. పళ్లు బిగించింది.

తల్లి చూపించిన వైపే కూర్చుంది. చెవి దగ్గర వంగింది. చంద్రకాంత్ మెల్లగా రోల్ అన్నాడు.

“కడుపు కదులుతుంది” అంది కౌసల్యమ్మ, ఎవరికీ వినపడకుండా. “ఊపిరి సన్నగ ఇడువు. మీ నాయన ఇంతకన్న మంచిగ పండుకున్నడు.”

లేచి, చెంగు సర్దుకుని నిలబడింది.

“ఏమైందమ్మా? పిలిచారా?”

“పిలిచిన. పలుకలే.”

చంద్రకాంత్ చేతులు నడుముకు పెట్టుకుని పడమటి వైపు చూశాడు. కెమెరామన్ గడియారం చూపించాడు. ఇంకో ఇరవై నిమిషాల వెలుతురు ఉంది. మర్నాటి రాత్రి ఏడున్నరకు ఏదో ఒకటి వేయాలి. రాజేశ్వరీదేవి లేవాలంటే సుమిత్ర కళ్లు కావాలి. పోవాలంటే అవి అవసరం లేదు.

ఐలన్న అంతసేపూ హద్దురాయి మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. లేచి, గడ్డిమంట దగ్గర డప్పు కాచుకున్నాడు. తర్వాత పాడె దగ్గరికి వచ్చి చాలాసేపు సుమిత్ర ముఖం చూశాడు.

“కొడుకు పిలిచిండు. తల్లి పిలిచింది” అన్నాడు మోసేవాళ్లతో. “మూడుసార్లు గాదు, ముప్పైసార్లు పిలిచిండ్రు. పలుకలే. ఇగ లేపొచ్చు.”

“ఆగు ఐలన్నా, నేను చెప్పేదాకా” అన్నాడు చంద్రకాంత్.

“దింపినంక శానసేపు ఉంచద్దు సారూ.”

డప్పు మీద కర్ర పడింది. నలుగురూ వంగి, పాడె భుజాలకు ఎత్తుకున్నారు. కెమెరామన్ ఎవరి మాటా అడగకుండా ముందుకు పరుగెత్తి, నడుస్తున్న పాడె మీద ముఖానికి కెమెరా గురిపెట్టాడు. కొడుకు వేషం కుర్రవాడు నిప్పుకుండ అందుకుని ముందు నడిచాడు. చంద్రకాంత్ జేబులో ఫోన్ మోగింది. పాడె పక్కన పెద్ద పెద్ద అడుగులు వేస్తూ, డప్పుల మోతకు ఒక చెవి మూసుకుని, రెండో చెవిలో గట్టిగా చెప్పాడు.

“లేదు సార్. లేవలేదు. పోయింది.”