మూడు వైపులా ఫ్లెక్సీ

నేను ఒక కంప్రెసర్‌ని. అనకాపల్లిలో ఓ పట్టుచీరల దుకాణం మేడ మీదున్న ఏసీ ప్లాంటుకు ప్రాణం పోసేదాన్ని. నా ముందు తరం వాళ్లకు రెండే విద్యలు: తిరిగితే పూర్తి వేగంతో తిరగడం, లేకపోతే ఆగిపోవడం. నేనలా కాదు. కింద పెళ్లివాళ్లు కిక్కిరిస్తే పరుగెత్తుతాను, ఇద్దరు ముగ్గురే ఉంటే నెమ్మదిగా నడుస్తాను. గొప్పలు కావు, నన్ను కొన్నదే అందుకు.

కర్మాగారంలో నన్ను బిగించిన చేతులు గుర్తులేవు. ఆరేళ్లు చూసుకున్న చేతులు మాత్రం ఆపరేటర్ సన్యాసిరావువి. రోజూ పొద్దున్నే రేకుల సందుల్లో దుమ్ము కడిగి, నా మీద అరచెయ్యి ఆన్చి, "ఏటమ్మా, ఒంట్లో బాగుందా?" అనేవాడు. పిచ్చిదాన్ని, ఆ మాటకే పొంగిపోయేదాన్ని.

ఆషాఢం తగ్గింపు అమ్మకాలకని యజమాని కొండలరావుగారు పెద్ద ఫ్లెక్సీ చేయించారు. సన్యాసిరావు దాన్ని ప్లాంటు చుట్టూ మూడు వైపులా బిగించి కట్టి, "దీనికీ నీడ పడతాది బాబూ" అని మురిసిపోయాడు. గాలితో చల్లబడాల్సినదాన్ని గాలాడకుండా కట్టేసి, నీడట! మేం వదిలిన వేడే తిరిగి మా మీద పడింది. వేగం తగ్గించుకుని చూశాను. అయినా తట్టుకోలేక నాలుగుసార్లు ఆగిపోయాను. కింద బేరాలు చెమటలు తుడుచుకుంటూ లేచిపోయాయి.

మూడో రోజు సన్యాసిరావు ఫ్లెక్సీ లోపల చెయ్యి పెట్టి, వేడికి చురుక్కుమనేసరికి వెనక్కి లాక్కున్నాడు. దాని తాళ్లకు తాను వేసిన ముళ్ల వైపు చూశాడు. అతనికి అంతా అర్థమైంది. అప్పుడే కొండలరావుగారు మెట్లెక్కి వచ్చారు.

"ఏమైందిరా దీనికి?"

"కంప్రెసరు పోనాది బాబూ. మార్చాల."

ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికెవడో! ముళ్లు వేసింది తనేనని ఒప్పుకుంటే నాలుగు తిట్లు పడతాయని భయం. ఆ నాలుగు తిట్లకు నన్ను బలిచ్చాడు. పరాయివాడు అబద్ధమాడి ఉంటే నాకింత నొప్పి ఉండేది కాదు.

వారం తిరక్కుండా నన్ను ఊడదీసి, పాత ఇనుము వాడి కోసం పిట్టగోడ పక్కన పడేశారు. నా చోట కొత్తదాన్ని బిగించారు. స్విచ్ వెయ్యబోతూ సన్యాసిరావు ఆగాడు.

"బాబూ, ఈ ఫ్లెక్సీ ఇప్పేత్తాను. కొత్తది కదా, గాలాడాల."

కొండలరావుగారు ఫోన్‌లోంచి తలైనా ఎత్తలేదు.

"విప్పెయ్. దానికి కూడా నన్నడగాలా?"

తిట్టలేదు. ఎందుకని కూడా అడగలేదు.