బుంగ బరువు

పశువుల డాక్టరమ్మ కుక్కను తూకం మీద నిలబెట్టి, అంకె కుదురుకునే దాకా చూసి, దాన్ని తెచ్చిన వెల్డరు వైపు తిరిగింది.

"పోయిన నెల పదిహేను కిలోలు. ఇప్పుడు పదహారున్నర. తగ్గించమంటే పెంచుకొచ్చారు."

"పూటకి డెబ్బై అయిదు గ్రాములు తూచి పెడుతున్నానండీ. రోజుకి రెండే పూటలు."

"అయితే మీ ఇంట్లో ఇంకో చెయ్యి ఉంది. ఈ బీగిల్ జాతి కుక్కకి కడుపు నిండిందని తెలీదు, ఎవరు పెట్టినా తింటుంది. ఇలాగే పెరిగితే వెనక కాళ్లు పడిపోతాయి. అప్పుడు నా దగ్గరికి తెచ్చినా లాభం లేదు."

ఇంట్లో ఉండేది ఇద్దరే, అతనూ అక్కా. బావ చనిపోయాక అక్క ఒక పెట్టెతో, ఈ కుక్కతో తమ్ముడింటికి వచ్చేసింది. పొట్ట చూసి దానికి బుంగ అని పేరు పెట్టింది అతనే.

"అక్కా, దీనికేమన్నా పెడుతున్నావా?" ఇంటికి రాగానే అడిగాడు.

"నువ్వు తూచి పోసేదే." ఆమె శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "గాలికి పెరుగుతోందేమో. మన నాన్న పొట్ట చూళ్లేదూ."

అతను నవ్వలేదు. "కాళ్లు పడిపోతే మోసేది నేనే."

"ఇనుము మోయట్లా?"

మర్నాటి నుంచి కుక్కను తనతో షెడ్డుకు తీసుకుపోయాడు. రాత్రి భోజనాల వేళ వరండాలో కట్టేశాడు. అక్క ఎప్పటిలా పళ్లెం తన గదిలోకి తీసుకెళ్లేది, కడిగి బోర్లించేది. పదో రోజుకి కుక్క కిలో తగ్గింది. తన అనుమానం నిజమేనని అతను లోలోపల గొణుక్కున్నాడు.

ఆ సాయంత్రం వంటింటి తూము పొంగింది. ఇనుప తీగ దూర్చి లాగితే నానిన రొట్టె ముక్కలు, బంగాళాదుంప ముద్దలు బయటికొచ్చాయి. పదిరోజుల తిండి.

తీగ పట్టుకునే అక్క గదిలోకి వెళ్లాడు. పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఒక్క ముక్కా కదల్లేదు.

"ఏంటక్కా ఇది?"

"మింగుడు పడట్లేదురా. నీళ్లు కూడా ఆగాగి దిగుతున్నాయి."

"ఎన్నాళ్లయింది?"

"మూడు నెలలు. బుంగ తినేసిన ఖాళీ పళ్లెం చూసి నువ్వు నిశ్చింతగా పడుకునేవాడివి."

ఆమె భుజం మీద నుంచి శాలువా జారి, పొడుచుకొచ్చిన ఎముకలు కనిపించాయి. చలికని కప్పుకుంటోందనుకున్నాడు ఇన్నాళ్లూ.

"నాతో చెప్పడానికి నోరు రాలేదా?"

"చెప్తే ఆసుపత్రి అంటావు. మీ బావ నడిచే వెళ్లాడు అక్కడికి. ఎలా వచ్చాడో నువ్వూ చూశావు."

అతను తీగను గుమ్మం పక్కన ఆనించి, చేతులు కడుక్కుని వచ్చాడు.

"రేపు పొద్దున్నే బయల్దేరదాం."

ఆమె పళ్లెం అతని వైపు జరిపింది. "ముందు నువ్వు తిను. తూములో చెయ్యి పెట్టి పెట్టి అలిసిపోయావు. తింటే వస్తాను."

వరండాలో కుక్క గొలుసు లాగుతోంది. అతను మంచం అంచున కూర్చుని చల్లారిన రొట్టె తుంచాడు. ఒక్కో ముద్ద కిందికి దిగేదాకా అక్క అతని గొంతు వైపే చూస్తూ కూర్చుంది.